ఎడమ తుంటిలో అగ్నిప్రమాదం

అగ్నిమాపక శాఖ జీపు పరిశోధనాలయం గేటు ముందు ఆగేసరికి డాక్టర్ మజ్జి అరుంధతి ఒక ఎలుకకు ఇంజెక్షన్ ఇస్తోంది.

జీపులోంచి దిగిన ఖాకీ మనిషి ఎవరినీ ఏమీ అడగలేదు. తిన్నగా లాబ్‌లోకి వచ్చాడు. గాలి ఒకసారి గట్టిగా పీల్చాడు. నాలుగు మూలలూ చూశాడు. బల్ల కిందికి కూడా వంగి చూశాడు. అప్పుడు అడిగాడు.

“మంట ఎక్కడ?”

“ఏ మంట?” అంది అరుంధతి.

“నన్నడుగుతారేటండి? రాసింది మీరు.” చంకలోంచి ఫైలు తీసి గొంతు సవరించుకున్నాడు. “‘శరీరమందు దాగియున్న మంటలను గుర్తించి, సదరు మంటలను రగిలించు రక్షక కణములను పట్టి, వాటిని ఆర్పు ప్రతిదేహముల తయారీ మరియు వినియోగము.’ నా పేరు గొర్లె సింహాద్రినాయుడు. డివిజనల్ ఫైర్ ఆఫీసర్ని. మంటల్ని గుర్తించడం మా పని. ఆర్పడం కూడా మా పనే. మాతో చెప్పకుండా మీరెలా ఆర్పుతున్నారో చూద్దామని వచ్చాను.”

అరుంధతి సిరింజి కింద పెట్టింది. ఎలుక ఊపిరి పీల్చుకుంది.

ఆ వాక్యం ఆమె రాసింది కాదు. ఆమె ఇంగ్లీషులో రాసింది. తెలుగు చేసింది విద్వాన్ కరణం త్రివిక్రమంగారు.

అదొక కథ. ప్రతి ఫైలూ తెలుగులోనే కదలాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచి ఉత్తర్వే. కానీ ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో రాసినా అది ఇంగ్లీషే అవుతుందని, అలాంటి ఫైలును ముట్టరాదని కింద మరో వాక్యం చేర్చింది. దాన్ని అమలు చేయడానికి ప్రతి సంస్థకూ ఒక అధికార భాషా అమలు అధికారిని పంపింది. రాష్ట్ర రోగనిరోధక పరిశోధనాలయానికి త్రివిక్రమంగారు వచ్చారు. వచ్చిన రోజే సూక్ష్మదర్శిని మీద ‘చిన్నచూపు యంత్రం’ అని చీటీ అతికించారు.

యాంటీబాడీని ప్రతిదేహం చేసేశారు. ఇన్‌ఫ్లమేషన్ దగ్గర ఆయన కలం ఆగింది. అరుంధతి పరుగున వెళ్ళింది.

“శోథ అనండి సార్. వైద్యంలో అదే మాట.”

“అన్నానమ్మా. పోయిన నెల అదే రాశాను. టైపులో సోదా అయింది. విజిలెన్సువారు వచ్చి మన బీరువాలన్నీ సోదా చేసి వెళ్ళలేదూ?”

“పోనీ వాపు అనండి.”

“వాపును చూసి బలుపనుకుంటారు. ఆర్థిక శాఖవారికి ఆ అలవాటుంది. గ్రాంటు కోసేస్తారు.” ఆయన కళ్ళు మూసుకుని, తెరిచి, వరమిచ్చినట్టు చెప్పారు. “మంట. అచ్చ తెలుగు. రెండక్షరాలు. పామరుడికి సైతం బోధపడును.”

బోధపడింది. మంటలు హోం శాఖ కింద ఉంటాయి గనక ఫైలు ఆరోగ్య శాఖ మెట్లు దిగి హోం శాఖ మెట్లెక్కింది. అక్కడ ఒక అండర్ సెక్రటరీ ‘అగ్నిమాపక శాఖ నిరభ్యంతరము పొందిన పిదపనే ముందుకు సాగవలెను’ అని రాసి, సంతకం పెట్టి, భోజనానికి వెళ్ళాడు.

నీతి సంఘం అనుమతి వచ్చింది. మందుల నియంత్రణవారి అనుమతి వచ్చింది. మనిషికి ఇవ్వగలిగినంత శుద్ధంగా యాంటీబాడీ తయారై, అరచేతిలో పట్టే పెట్టెలో, చలిపెట్టె అడుగు అరలో ఉంది. ఇక మిగిలింది మంట ఆర్పేవాళ్ళ అనుమతి ఒక్కటే.

“నాయుడుగారూ, కూర్చోండి,” అంది అరుంధతి. “ఇది ఆ మంట కాదు. మన రక్తంలో కాపలా కణాలుంటాయి. ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా, ఏ క్రిమి దూరినా అక్కడికి పరుగెత్తి గుమిగూడతాయి. దొంగ పారిపోయాక కూడా కొన్నిసార్లు వెనక్కి రావు. అక్కడే ఉండి ఇంటివాళ్ళని బాదుతాయి.”

“మా పక్క పోలీస్‌స్టేషన్‌లో అంతే.”

“అలా బాదిన చోట వాపు, నొప్పి, జ్వరం. నా యాంటీబాడీ ఆ కాపలా కణాలకి మాత్రమే అతుక్కుంటుంది. దానికి చిటికెడు రేడియోధార్మిక పదార్థం తగిలించి నరంలోకి ఎక్కిస్తే, అవి ఎక్కడ గుమిగూడాయో స్కానులో దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. రోగం ఆచూకీ తెలుస్తుంది. ఆ తర్వాత రేడియో పదార్థం లేకుండా పెద్ద మోతాదు ఇస్తే కణాలు చల్లబడి వాటి ఇళ్ళకి అవి పోతాయి.”

నాయుడు శ్రద్ధగా విన్నాడు. అర్థమైంది కూడా. అదే భయంకరం.

“బాగుందండి. కానీ మేడమ్, నా టేబుల్ మీదకొచ్చిన కాగితంలో మంటని ఉంది. మంటని ఉన్న కాగితం నేను కాదని పంపేస్తే, రేపెక్కడో నిజంగా అంటుకుంటే నా ఉద్యోగం పోద్ది. కాబట్టి తనిఖీ చేస్తాను. ఇప్పుడు చెప్పండి, ప్రస్తుతం మంట ఎక్కడుంది?”

“ఎలుక మోకాల్లో.”

నాయుడు రాసుకున్నాడు. తర్వాత ఎలుకల గది చూశాడు. వరసగా పెట్టిన పంజరాల ముందు ఆగాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

“ఒక్కో పంజరంలో ఐదుగురు నివాసం. తలుపొక్కటే. అదీ బయటినుంచి గడియ! ప్రమాదం జరిగితే వీళ్ళెలా బయటికెళ్తారు?”

“వెళ్ళకూడదనే గడియ పెట్టాం నాయుడుగారూ.”

“అలాగే అంటారు సినిమా హాళ్ళవాళ్ళు కూడా. ప్రతి పంజరానికీ రెండో ద్వారం ఉండాలి. ద్వారం దగ్గర బాణం గుర్తుండాలి. ఆరు నెలలకోసారి డ్రిల్లు చేయించాలి.”

“ఎలుకలతోనా?”

“నివాసులతో,” అన్నాడు నాయుడు.

*

పరిశోధనాలయం వెనక గేటు దాటితే పెద్దాసుపత్రి. ఆ ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో, కిటికీ పక్క మంచం మీద, జాలరిపేట చేపల వరహాలమ్మ పడుకుని ఉంది. అరుంధతి మందు మొదట అందుకోవలసిన మనిషి ఆవిడే.

వరహాలమ్మ ఒంట్లో ఎక్కడో నిప్పుంది. జ్వరం తగ్గదు. నడుము నుంచి డొక్క దాకా నొప్పి. రక్త పరీక్ష చేసిన ప్రతిసారీ ఇన్‌ఫ్లమేషన్ ఉందనే వస్తోంది. ఎక్కడో మాత్రం తేలలేదు. కడుపులో అని ఒకరు, కిడ్నీ అని ఒకరు, గర్భసంచి అని ఇంకొకరు అన్నారు. సర్జన్ డాక్టర్ కామేశానికి ఈ వాదాలు విసుగొచ్చాయి. “గురువారం పొద్దున పొట్ట తెరిచి చూసేద్దాం. ఉంటే కనిపిస్తుంది కదా,” అన్నాడు.

“లేకపోతే?” అంది అరుంధతి.

“మూసేద్దాం.”

సన్నిపాతంలా ఒళ్ళు కాలిపోతున్న మనిషికి, ఆ బలహీనతలో, పొట్ట తెరవడమూ మూయడమూ సంచీకి జిప్పు లాగినంత తేలిక కాదు. ఆ సంగతి కామేశానికీ తెలుసు. తెలిసీ వేరే దారి లేదంటున్నాడు. వేరే దారి చలిపెట్టెలో ఉంది.

“ఏటి డాక్టరమ్మా, ముకం అలాగెట్టావు?” అంది వరహాలమ్మ. “నీ మందు ఈ యాల ఇత్తానన్నావు కదేటి?”

అరుంధతి మంచం అంచున కూర్చుంది. “అనుమతి రాలేదమ్మా. ఫైర్ ఆఫీసువాళ్ళు ఇవ్వాలట.”

వరహాలమ్మ మోచేతి మీద కాస్త లేచింది.

“నా ఒంట్లో మంటున్నాదో నేదో సెప్పడానికి ఫైరింజనొత్తాదా?”

“అలాగే ఉంది.”

“ఓలమ్మో!” వరహాలమ్మ నవ్వబోయి డొక్క పట్టుకుంది. “నవ్వించకు తల్లీ, నొప్పెడతాది. మరి గురువారం ఈలు నన్ను సేపని కోసినట్టు కోసెత్తారు. నానిన్ని వేల సేపల్ని కోసినాను గానీ, లోపలేటుందో తెలీక ఒక్క సేపనీ కొయ్యనేదు. సొర అయితే సొరే, పండుగప్ప అయితే పండుగప్పే. సూసి కోత్తాం. ఈలేటి, కోసి సూత్తారంతారు?”

అరుంధతి మంచం మీంచి లేచింది. డైరెక్టరుగారి గదికి నడిచింది.

*

డైరెక్టర్ డాక్టర్ నేమాని భుజంగరావుగారు ఒకప్పుడు నిజంగానే కణాల శాస్త్రం చదివారు. ఆ తర్వాత కుర్చీ ఎక్కారు. కుర్చీ ఎక్కినప్పటినుంచీ ఆయన చూసిన కణం ఏదీ లేదు. ఆయన గదిలో త్రివిక్రమంగారు కూడా ఉన్నారు. ఇద్దరి ముఖాలూ పెళ్ళి పందిట్లో మామగార్లలా వెలుగుతున్నాయి.

“రండి రండి! సెక్రటరీగారు ఫోన్ చేశారు,” అన్నారు భుజంగరావు. “ఫైలు చదివి పులకించిపోయారు. ఎండాకాలం అడవులు తగలబడి ప్రభుత్వం సతమతమవుతుంటే, మంట దానంతటది ఎక్కడుందో కనిపెట్టి ఆర్పే ద్రవం మన సంస్థ తయారుచేసిందని మంత్రిగారికి చెప్పేశారు! గురువారం పొద్దున మన మైదానంలో ప్రదర్శన. గడ్డివాము అంటిస్తారు. మంత్రిగారు స్వహస్తాలతో మీ ద్రవం చల్లుతారు.”

అరుంధతి చెవులను అరుంధతే నమ్మలేదు.

“సార్. మీకు తెలుసు కదా. అది ఆ మంట కాదు.”

“నాకెందుకు తెలియదమ్మా? నేనూ పీహెచ్‌డీనే.”

“మరి సెక్రటరీగారికి చెప్పొచ్చు కదా, పొరపాటని?”

భుజంగరావుగారు జాలిగా చూశారు. “సెక్రటరీగారు సంతోషించకముందు చెబితే అది సవరణ. సంతోషించాక చెబితే ధిక్కారం.”

“మాన్యులొకటి గమనించవలెను,” అన్నారు త్రివిక్రమం. “మంట అన్న పదము ప్రజల హృదయాలను రగిల్చినది. ఇప్పుడు మార్చుట భాషకు ద్రోహము.”

“సార్, గడ్డివాము మీద అది పని చేయదు. అది ప్రోటీను. కోడిగుడ్డు సొన పోసినట్టే ఉంటుంది.”

“దాని గురించి మీరు బెంగపడకండి. వెనకాల ఫైరింజను నిలబెడతాం. మంత్రిగారు మూత తియ్యగానే వాళ్ళు నీళ్ళు కొడతారు. మంట ఆరుతుంది. శాస్త్రంలో మనకి కావలసింది ఫలితం కదా.”

“ఎలాగూ నీళ్ళే ఆర్పుతాయి కాబట్టి, మంత్రిగారి సీసాలో కూడా మంచినీళ్ళు పోద్దాం సార్. నా మందు నాకుంటుంది.”

భుజంగరావుగారు కుర్చీలోంచి లేచారు. బల్ల గుద్దారు.

“మోసం చేయమంటారా? ఇది శాస్త్ర సంస్థ డాక్టర్ అరుంధతీ! పెట్టెలో ఉన్న సీసాలన్నీ గురువారం పొద్దున మైదానంలో ఉండాలి. ఒక్కటి తగ్గినా మీ మీద చర్య తీసుకుంటాను.”

“ఆ సీసాలు మళ్ళీ తయారుచేయడానికి ఏళ్ళు పడుతుంది సార్. వార్డులో మనిషి ఉంది. గురువారమే ఆవిడ పొట్ట కోస్తున్నారు.”

“గురువారమే అయితే ఆవిడకి ప్రదర్శన చూసే భాగ్యం లేదన్నమాట,” అని నిజంగానే నొచ్చుకున్నారు భుజంగరావు.

ఉత్తర్వు కాపీ ఆమె చేతిలో పెట్టి పంపారు. అరుంధతి వరండాలో నిలబడి దాన్ని చదివింది. మళ్ళీ చదివింది. త్రివిక్రమంగారి తెలుగు. ‘సదరు ప్రతిదేహముల ద్వారా ఒక మంటను గుర్తించి, సమర్థుడైన అగ్నిమాపక అధికారి సమక్షమున ఆర్పి చూపవలెను.’

గడ్డివాము మాట అందులో లేదు. మంట ఎక్కడుండాలో లేదు. దేనికి అంటుకోవాలో లేదు.

అరుంధతి చదువుకున్నది జీవశాస్త్రమే అయినా, ప్రభుత్వ సంస్థలో పనిచేసి పనిచేసి కాస్త న్యాయశాస్త్రం ఒంటబట్టింది. ఆమె వార్డుకు పరుగెత్తింది. గోడకున్న ఫోను తీసి నూట ఒకటి తిప్పింది.

*

బుధవారం పట్టపగలు, భోజనాల వేళ కాకముందే, గంట గణగణలాడిస్తూ ఫైరింజను పెద్దాసుపత్రిలోకి దూసుకొచ్చింది. పేషెంట్లు కిటికీలకు వేలాడారు. బూట్లు టకటకలాడిస్తూ, తలకు టోపీలు, భుజాన గొట్టంతో నలుగురు జవాన్లు ఆడవాళ్ళ వార్డులోకి దిగారు. ముందు సింహాద్రినాయుడు.

“మంట ఎక్కడ?”

“నాలోనున్నాది బాబూ,” అని చెయ్యెత్తింది వరహాలమ్మ.

నాయుడు అరుంధతి వైపు తిరిగాడు. కళ్ళు చిన్నవయ్యాయి. “మేడమ్. తప్పుడు కాల్ చేస్తే శిక్షుంటుంది. తెలుసా?”

“తప్పుడు కాల్ కాదు. ఇదిగో రక్త పరీక్ష. ఏమని ఉంది? త్రివిక్రమంగారి పదకోశం ప్రకారం తెలుగులో చదవండి.”

నాయుడు కాగితం తీసుకున్నాడు. పదకోశం తీసుకున్నాడు. వేలు పెట్టి ఒకదాన్నీ మరొకదాన్నీ సరిపోల్చాడు.

“‘తీవ్రమైన మంట కలదు’,” అని చదివాడు.

“మంట ఉందా లేదా?”

“ఉంది.”

“ఎక్కడుందో తెలియదు. అదే ప్రమాదం. రేపు డాక్టర్ కామేశంగారు వెతకడానికి పొట్ట కోస్తారు. మీ శాఖలో మంట ఎక్కడుందో తెలియకుండా గోడలు పగలగొడతారా?”

“ఛ! అలా చేస్తే సస్పెండ్ చేస్తారు.”

డాక్టర్ కామేశం అప్పుడే వార్డులోకి వచ్చాడు. “ఎవరయ్యా మీరు? ఆ గొట్టమేంటి? బయటికి నడవండి!”

నాయుడు ఆయన్ని పైకీ కిందికీ చూశాడు. “ఇది అగ్నిప్రమాద స్థలం సార్. ఇక్కడ నా మాటే చెల్లుద్ది. మీరే తాడు అవతల నిలబడాలి.”

జవాన్లు తాడు కట్టేశారు. కామేశం తాడు అవతల మిగిలిపోయాడు.

“నాయుడుగారూ,” అంది అరుంధతి నెమ్మదిగా, “మంట దగ్గరున్నప్పుడు, అందుబాటులో ఏ ఆర్పే సాధనముంటే అది వాడమని ఆదేశించే అధికారం ఎవరికుంటుంది?”

“నాకే.”

“ఆదేశిస్తారా?”

నాయుడు ఆమె చేతిలోని ఉత్తర్వు కాపీ తీసుకుని చదివాడు. ఆయనకు మెలిక తెలిసింది. నిరభ్యంతరం ఇవ్వాలంటే ప్రదర్శన కావాలి. ప్రదర్శన కావాలంటే మంట కావాలి. మంట ఎదురుగా మంచం మీద పడుకుని, జ్వరం కళ్ళతో ఆయన్నే చూస్తోంది.

“బాబూ,” అంది వరహాలమ్మ. “మీది ఏ ఊరు?”

“భీమిలి దగ్గర.”

“మీ యమ్మకి ఇలా ఒళ్ళు కాలిపోతుంతే కాగితం సూసీవోడివా?”

“మా అమ్మకైనా కాగితం చూస్తానమ్మా. లేకపోతే నేను నాయుణ్ణే కాదు.” ఉత్తర్వు కాపీ మరోసారి తిరగేశాడు. ఆఖరి మాట దాకా చదివాడు. టోపీ సరిచేసుకున్నాడు. “చూశాను. మంట ఫలానాచోటే ఉండాలని ఇందులో లేదు. ఆదేశిస్తున్నాను. ఎక్కించండి!”

చలిపెట్టెలోంచి ఒక సీసా వచ్చింది. రేడియో పదార్థం తగిలించారు. వరహాలమ్మ మోచేతి నరంలోకి సన్నటి ధారగా యాంటీబాడీ దిగింది. అది ఒంట్లో తిరిగి, తనకు కావలసిన కణాలను వెతుక్కుని అతుక్కోవడానికి వేళ పడుతుంది. అంతసేపూ నలుగురు జవాన్లు టోపీలు తియ్యకుండా మంచం చుట్టూ నిలబడ్డారు. పక్క మంచం ముసలమ్మ వాళ్ళకు తలో బత్తాయి ఇచ్చింది. స్కాను గదికి వీల్‌ఛెయిర్లో తీసుకెళ్తుంటే ముందొకడు ‘దారి, దారి’ అని అరుస్తూ పరుగెత్తాడు.

సాయంత్రానికి తెర మీద బొమ్మ వచ్చింది.

పొట్ట నల్లగా ఉంది. కిడ్నీలు నల్లగా ఉన్నాయి. గర్భసంచి నల్లగా ఉంది. నడుము కిందుగా, ఎడమ తుంటి ఎముక వెన్నుతో కలిసే కీలు దగ్గర, అమావాస్య సముద్రం మీద పడవ లాంతరులా ఒక చుక్క వెలుగుతోంది.

స్కాను గది గుమ్మానికీ కట్టిన తాడు అవతలి నుంచి మెడ సాచిన కామేశమే మొదట మాట్లాడాడు.

“పొట్టలో ఏమీ లేదే!” అన్నాడు. ఆయన గొంతు చిన్నదైపోయింది.

“అదేనా అండి మంట?” అని అడిగాడు నాయుడు.

“అదే.”

నాయుడు ప్రమాద నివేదిక తెరిచాడు. ప్రమాద స్థలం: ఎడమ తుంటి. యజమాని: చేపల వరహాలమ్మ. ప్రాథమిక కారణం: కాపలావారి అత్యుత్సాహం. లోపల చిక్కుకున్న వ్యక్తులు: లేరు. ప్రమాదాన్ని మొదట గుర్తించినది: ప్రతిదేహము.

శస్త్రచికిత్స రద్దైంది. రెండో రకం మందు, రేడియో పదార్థం లేనిది, ఆ రాత్రి నుంచే మొదలైంది. అడ్డం పెట్టడానికి ఎవరి చేతిలోనూ కాగితం లేదు. సమర్థుడైన అధికారి సమక్షంలో మంట గుర్తింపబడింది. ఆర్పడం కొనసాగుతోందని ఆ అధికారే రాసిచ్చాడు.

గురువారం పొద్దున భుజంగరావుగారు సంగతి తెలిసి గుండె పట్టుకున్నారు. మైదానంలో గడ్డివాము సిద్ధంగా ఉంది. కానీ ప్రదర్శన నిన్ననే జరిగి, విజయవంతమైందని ఫైర్ ఆఫీసరు పత్రం చెబుతోంది. ఒకసారి విజయం పొందినదాన్ని మళ్ళీ చేస్తే, మొదటిది అనుమానాస్పదమవుతుంది. ఆయన సెక్రటరీగారికి ఫోన్ చేశారు.

“సార్, ముహూర్తం ముందుకు జరిపాను. నా పర్యవేక్షణలో మంట అదుపులోకి వచ్చింది.”

“ఎక్కడ?” అన్నారు సెక్రటరీగారు.

“ఎడమవైపు సార్,” అన్నారు భుజంగరావు.

*

జ్వరం మూడో పూటకే దిగడం మొదలుపెట్టింది. వారాలు గడిచేకొద్దీ వరహాలమ్మ లేచి కూర్చుంది, గోడ పట్టుకుని నడిచింది, గోడ వదిలి నడిచింది, ఆఖరికి నర్సుతో పోట్లాడింది. ఆరోగ్యం వచ్చినట్టు అందరికీ అప్పుడు నమ్మకం కుదిరింది.

అగ్నిమాపక శాఖ మాత్రం ఆమెను వదల్లేదు. పైకి ఆరినట్టున్నా లోపల నివురుంటుంది గనక ప్రమాద స్థలాన్ని కొన్నాళ్ళు కాపలా కాయాలన్నది వాళ్ళ నియమం. ఇద్దరు జవాన్లు బకెట్లతో జాలరిపేట వెళ్ళి ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు. ప్రమాద స్థలం పొద్దున్నే లేచి చేపల బజారుకు బయల్దేరితే వాళ్ళూ బయల్దేరారు. “ఊరికే సూత్తారేటి, ఆ గంప ఎత్తండి,” అంది ప్రమాద స్థలం. ఎత్తారు.

అరుంధతి ఫైలు మాత్రం కదల్లేదు. వరహాలమ్మలాంటివాళ్ళు ఇంకా చాలామంది వార్డుల్లో ఉన్నారు. వాళ్ళకు ఇవ్వాలంటే రెండో దశకు మంత్రిగారి సంతకం కావాలి. సంతకం పెట్టాలంటే మొదటి మంట పూర్తిగా ఆరినట్టు నాయుడు తుది నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికను సభలో, మంత్రిగారి ఎదుట, అందరి సమక్షంలో ఇప్పించాలని భుజంగరావుగారు ముచ్చటపడ్డారు.

పరిశోధనాలయం పచ్చికలో షామియానా వేశారు. వేదిక మీద భుజంగరావుగారు, త్రివిక్రమంగారు. మంత్రిగారు రాలేదు. మంత్రిగారు వస్తున్నారు. మంత్రిగారు దారిలో ఉన్నారు. ఈలోగా కాలక్షేపానికి భుజంగరావుగారు త్రివిక్రమంగారికి పట్టు శాలువా కప్పారు. త్రివిక్రమంగారు భుజంగరావుగారికి కప్పారు. ఇంకా మంత్రిగారు రాలేదు గనక మరోసారి కప్పుకున్నారు. అరుంధతికి వెనక వరసలో, స్పీకరు పెట్టె పక్కన కుర్చీ దొరికింది.

“ఈ విజయమునకు మూలము ఒక్క పదము!” అన్నారు త్రివిక్రమం మైకులో.

“ఆ పదం వెనక ఒక నాయకత్వం!” అన్నారు భుజంగరావు.

ఇక ఆగలేక తుది నివేదిక కార్యక్రమం మొదలుపెట్టారు. వరహాలమ్మను వేదిక ముందుకు పిలిచారు. ఆవిడ నీలం చీర కట్టుకుని, కొప్పులో కనకాంబరాలతో, ఎవరి ఆసరా లేకుండా నడిచి వచ్చింది. నాయుడు కలం తీశాడు. ఆయన వెనక, షామియానా అంచున, నియమం ప్రకారం ఫైరింజను నిలబడి ఉంది.

“వరహాలమ్మా, ఆఖరి ప్రశ్న. మంట పూర్తిగా ఆరిందా?”

“ఒంట్లో మంట ఆరిపోనాది బాబూ. ఆ ఎనకాల కూకున్న డాక్టరమ్మ సల్లగుండాల.”

నాయుడు రాయబోయాడు.

“ఆగు. అయిపోనేదు. మాట మార్సి రాసినోడొకడు, అది తప్పని తెలిసీ నోరు మూసుకున్నోడొకడు. నన్నన్నాల్లు మంచమ్మీద కుళ్ళబెట్టారు. నాకు పొయ్యాల్సిన మందు గడ్డివాముకి పోసెత్తామన్నారు. ఇయ్యాల ఆలకి ఆలే సాలువాలు కప్పుకుంతన్నారు. అది సూత్తుంతే ఒళ్ళు మండిపోతంది నాకు! దానికేటి సేత్తావు?”

జనం గొల్లున నవ్వారు. నాయుడు నవ్వలేదు. ఆయన కలం గాల్లో ఆగింది.

“ఎక్కడ మండుతోంది?”

“అరికాల్నుంచి నెత్తిదాకా!”

“ఎవరి వల్ల?”

వరహాలమ్మ చెయ్యి చాపి వేదిక మీది ఇద్దరినీ చూపించింది.

నాయుడు నివేదిక మూశాడు. కాగితం మీద మంట పూర్తిగా ఆరాలి. ఆరకపోతే రెండో దశ లేదు. మంట ఎగిసేచోట నీళ్ళు కొడితే ఆరదు, పుట్టేచోట కొట్టాలి. ఆ ముక్క ఏ ఫైర్‌మన్‌కైనా ఉద్యోగంలో చేరిన రోజే నేర్పుతారు. ఆయన జేబులోంచి ఈల తీశాడు.

భుజంగరావుగారు ప్రమాదాన్ని పసిగట్టారు. “నాయుడుగారూ! నాయుడుగారూ! ఒళ్ళు మండటమంటే కోపమయ్యా!”

“అది జాతీయము!” అని అరిచారు త్రివిక్రమం, కుర్చీ వెనక్కి జరుగుతూ. “వాచ్యార్థము తీసుకొనరాదు! జాతీయము!”

“జాతీయమా?” నాయుడు ముఖం గంభీరమైపోయింది. “అయితే ఇంకా తొందరగా ఆర్పాలి.”

ఈల మోగింది. గొట్టం బిగుసుకుంది. జవాన్లు, పాపం, నెలరోజులుగా గంపలు మోసి ఉన్నారు, మనసు పెట్టి కొట్టారు. మొదటి దెబ్బకు మైకు ఎగిరింది. రెండో దెబ్బకు శాలువాలు ఎగిరాయి. త్రివిక్రమంగారు కుర్చీతో సహా వేదిక వెనక్కి వెళ్ళి, అక్కడినుంచి అచ్చమైన ఇంగ్లీషులో “హెల్ప్!” అని అరిచారు. భుజంగరావుగారు బ్యానరు పట్టుకుని వేలాడారు.

“ఇప్పుడెలా ఉందమ్మా?” అని అడిగాడు నాయుడు.

వరహాలమ్మ రెండు చేతులతో పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఈసారి ఎక్కడా నొప్పి లేదు. “సల్లబడిపోనాను బాబూ! పూర్తిగా ఆరిపోనాది!”

నాయుడు రాసుకున్నాడు. సంతకం పెట్టాడు. కాగితం తీసుకెళ్ళి వెనక వరసలో నిలబడిన అరుంధతి చేతికిచ్చాడు.

సరిగ్గా అప్పుడే మంత్రిగారి కారు గేటులోకి వచ్చింది. ఆయన దిగుతూనే ధారగా ఎగిసిన నీటిని, దాని చివర గిలగిలలాడుతున్న ఇద్దరు పెద్దమనుషులను చూశారు. దగ్గర్లో కనిపించిన తెల్లకోటు మనిషిని అడిగారు.

“ఓహో! ఇదేనా మీ ప్రతిదేహం?”

ఆ ఫైలు పుట్టినప్పటినుంచీ ఆ మాటను సరిదిద్దడమే అరుంధతి పని. నోరు తెరిచింది. ఇంకా వార్డుల్లో ఉన్నవాళ్ళు గుర్తొచ్చారు. రెండో దశ కాగితం, కలం ముందుకు చాపింది.

“అవునండి. మంట ఎవరు పెడుతున్నారో వెతుక్కుంటూ వెళ్ళి, సరిగ్గా వాళ్ళనే పట్టుకుంటుంది. మిగతావాళ్ళ జోలికి పోదు.”

“అద్భుతం!” అన్నారు మంత్రిగారు. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టి చప్పట్లు కొట్టారు.

మంత్రిగారు కొడుతున్నారు గనక, బ్యానరు వదిలేసి, కళ్ళజోడు ఎక్కడుందో తెలియకపోయినా, భుజంగరావుగారు కూడా కొట్టారు.